కారు ముందు ఇనుప గార్డు ఎవరిని కాపాడుతుంది?

కొత్త బండి ఇంటికొచ్చాక పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తొలి సెలవు రోజున యాక్సెసరీస్ షాపుకి తీసుకెళ్లడం తెలుగు ఇళ్లలో మామూలే. సీటు కవర్లు, మ్యాట్లు, కిటికీల మీద వాన పడకుండా వైజర్లు అయ్యాక షాపతను బండి ముందుకొచ్చి నిలబడతాడు. "ఫ్రంట్ గార్డు కూడా వేయించేయండి సార్, ఫ్యామిలీ బండి కదా" అంటాడు. పక్కనున్న మామగారు వెంటనే అందుకుంటారు: "అవునల్లుడుగారూ, మన రోడ్ల మీదికి గేదెలొస్తాయి, కుక్కలొస్తాయి. నాలుగు డబ్బులు పోయినా వేయించండి." ఫ్యామిలీ మాట ఎత్తాక కాదనడం ఎవరికైనా కష్టం. కొన్ని వేల రూపాయలు, ఓ గంట పని. మెరిసే స్టీలు గొట్టాలతో బండి బయటికొస్తుంది.

ఆ గంటలో బండికి జరిగిన మార్పు చిన్నది కాదు. కుటుంబం కోసం కొన్న ఎస్‌యూవీకి ముందు గార్డు వేయించకూడదు. చట్టం ఒప్పుకోదన్నది ఒక్కటే కారణం కాదు, బండి లోపల కూర్చున్నవాళ్లకే దానివల్ల ప్రమాదం ఉంది.

గార్డు ఏం చేస్తుందో తెలియాలంటే అది లేనప్పుడు బండి ముక్కులో ఏముంటుందో చూడాలి. బయటికి కనిపించే బంపర్ కేవలం ప్లాస్టిక్ తొడుగు. దాన్ని విప్పితే వెనక చాలా బండ్లలో మెత్తటి ఫోమ్ దిమ్మ, దాని వెనక అడ్డంగా లోహపు దూలం కనిపిస్తాయి. ఆ దూలం రెండు చివర్లా పిడికిలంత వెడల్పున్న రెండు డబ్బాలుంటాయి. వాటిని క్రాష్ బాక్సులంటారు. చేత్తో తడిమితే వాటి గోడల మీద గాడులు, నొక్కులు తగులుతాయి. అవి తయారీ లోపాలు కావు. దెబ్బ తగిలితే డబ్బా పక్కకు విరిగిపోకుండా మడతలు మడతలుగా ముడుచుకోవడానికి కావాలనే పెట్టినవి. ఆ డబ్బాల వెనక నుంచి ఇంజన్‌కు రెండు వైపులా పొడవాటి రెయిల్స్ మొదలవుతాయి. అవి కూడా ఫలానా చోట, ఫలానా బలానికి నలగాలని ముందే లెక్క కట్టి చేసినవే.

బండి నలగాలి, మనిషి నలగకూడదు. ఈ ఆలోచనకు పేటెంటు 1952 నాటిది. మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన బేలా బరేనీ అనే ఇంజినీరు, మనుషులు కూర్చునే గదిని గట్టిగా ఉంచి ముందు వెనక భాగాలు నలిగేలా కారును గీశాడు. 1959లో అలాంటి కారు రోడ్డెక్కింది. అంతకుముందు గట్టి కారే భద్రమైన కారని అందరూ నమ్మేవాళ్లు. ఆ నమ్మకం మన దగ్గర ఇప్పటికీ పోలేదు. "పాత అంబాసిడర్ రేకు చూడండి, ఇప్పటివన్నీ అట్టపెట్టెలు" అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది.

చిన్న లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి గోడను గుద్దుకుందనుకుందాం. ముందుభాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగితే, లోపలున్న మనిషి మీద పడే సగటు తాకిడి అతని బరువుకు దాదాపు 16 రెట్లు. 60 కిలోల మనిషికి అది ఇంచుమించు ఒక టన్ను. అదే బండి ముక్కు గట్టిపడి 30 సెంటీమీటర్లే నలిగితే తాకిడి రెట్టింపవుతుంది. సీటు బెల్టు పట్టి ఆపాల్సింది అప్పుడు రెండు టన్నులు. పక్కటెముకలు, గుండె, మెదడు తట్టుకోవాల్సిందీ అంతే. నలిగే ప్రతి సెంటీమీటరూ లోపలివాళ్లకు దొరికే సమయం.

ఇప్పుడు గార్డు బిగించే తీరు చూద్దాం. షాపు కుర్రాడు బండి కింద పడుకుని, బంపర్ కింది అంచు క్లిప్పులు ఊడదీసి, చాసిస్ రెయిల్స్ చివర ఉన్న బోల్టు రంధ్రాలకు మందపాటి ఇనుప బ్రాకెట్లు తగిలిస్తాడు. రంధ్రాలు కుదరకపోతే డ్రిల్లు పెడతాడు, కొన్నిచోట్ల వెల్డింగు కూడా పెట్టేస్తారు. ఆ బ్రాకెట్లకు గార్డును బిగిస్తాడు. దాంతో దెబ్బ నేరుగా రెయిల్స్‌కు చేరే కొత్త దారి ఏర్పడుతుంది. ముందుగా నలగాల్సిన ఫోముకీ క్రాష్ బాక్సులకీ వాటి పని చేసే అవకాశం తగ్గిపోతుంది.

"మాది మోనోకాక్ కాదండీ, చాసిస్ బండి, దానికేం కాదు" అనేది బొలేరో, స్కార్పియో, ఫార్చ్యూనర్ యజమానుల దగ్గర వినిపించే మాట. మోనోకాక్ అంటే ఫ్రేమూ బాడీ ఒక్కటిగా ఉండే బండి; ఇవి నిచ్చెనలాంటి ఫ్రేము మీద విడిగా బాడీ కూర్చోబెట్టినవి. బరువులు లాగడానికీ గతుకుల దారికీ ఆ ఫ్రేము మంచిదే. గుద్దుకున్నప్పుడు మాత్రం ఈ బండి ముందుకొనలు కూడా నలగాల్సిందే. మన దేశంలో కొత్త మోడళ్లకు 2017 అక్టోబరు 1 నుంచి, అప్పటికే అమ్ముడవుతున్నవాటికి 2019 అక్టోబరు 1 నుంచి ముందువైపు, పక్కవైపు గుద్దుడు పరీక్షలు తప్పనిసరయ్యాయి. కంపెనీలు ఆ పరీక్షలకు తగ్గట్టే రెయిల్స్ గీస్తున్నాయి.

ఇక బెలూన్లు, అంటే ఎయిర్‌బ్యాగులు. గార్డు ఉంటే అవి అసలు తెరుచుకోవని ఒక ప్రచారం ఉంది. అది పూర్తిగా నిజం కాదు. అసలు సమస్య సమయానిది. బండి ముందుభాగంలో, మధ్యలో ఉండే సెన్సర్లు వేగం ఎంత తొందరగా పడిపోతోందో కొలుస్తాయి. సెకనులో వెయ్యో వంతును లెక్కపెడితే అలాంటివి 15 నుంచి 30 గడిచేలోపు కంప్యూటరు నిర్ణయం తీసేసుకుంటుంది. మరో 30, 40 గడిచేసరికి బెలూను నిండుతుంది. అంతా రెప్పపాటు కన్నా ముందే అయిపోతుంది. కంపెనీ ఇంజినీర్లు ఎన్నో బండ్లను గోడలకు గుద్ది, ఆ మోడల్ ముక్కు ఎలా నలుగుతుందో చూసి ఈ లెక్క రాస్తారు. ముక్కు ముందు వాళ్లు ఎన్నడూ చూడని ఇనుము వచ్చి చేరితే లెక్క తప్పొచ్చు. బెలూను ఆలస్యంగా తెరుచుకుంటే తల అప్పటికే స్టీరింగు దగ్గరికి వచ్చేసి ఉంటుంది. చిన్న దెబ్బకే తెరుచుకుంటే ఆ విసురుకే గాయాలవుతాయి. బండితో పాటు ఇచ్చే పుస్తకంలో ముందుభాగాన్ని మార్చవద్దని చాలా కంపెనీలు హెచ్చరిక రాస్తాయి. ఆ పేజీ తిప్పేవాళ్లు తక్కువ.

ఈ సందర్భంలో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గుర్తుపెట్టుకోదగ్గది. ఒక వినియోగదారుడి ఎస్‌యూవీ 2017లో ఢిల్లీ, పానిపట్ దారిలో ప్రమాదానికి గురైంది. బెలూన్లు తెరుచుకోలేదు, అతనికి గాయాలయ్యాయి. వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టి గుద్దుడు తీవ్రత తేల్చేంత భౌతికశాస్త్రం కొనుగోలుదారుకు తెలిసి ఉండాలని ఆశించలేమని కోర్టు చెప్పింది, పరిహారం చెల్లించాల్సిందేనని కంపెనీకి స్పష్టం చేసింది. వినియోగదారుడికి ఇది పెద్ద బలం. అయితే బండి ముందు బయటి గార్డు బిగించి ఉంటే కంపెనీ వకీలు మొదట చూపించేది దాన్నే. కష్టపడి సంపాదించుకున్న హక్కును యజమాని షాపులోనే సగం వదులుకున్నట్టవుతుంది. బీమా క్లెయిములోనూ ఇదే చిక్కు ఎదురుకావచ్చు. చెప్పకుండా చేయించిన మార్పు మీద బీమా కంపెనీ ప్రశ్న వేస్తే జవాబు చెప్పుకోవాల్సింది పాలసీదారే.

చట్టం సంగతికొస్తే దాపరికమేమీ లేదు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. బండ్లకు క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని, పాదచారులకూ బండిలోనివాళ్లకూ ప్రమాదకరమని, చర్య తీసుకోవాలని అందులో ఉంది. కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా యజమాని బండిని మార్చకూడదన్నది ఆ సెక్షను సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో దీన్నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఇన్ని ఉన్నా గార్డులు బహిరంగంగా అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిని తగిలించుకున్న బండ్లు పోలీసుల ముందు నుంచే వెళ్తున్నాయి. ఊళ్లోకొచ్చే నాయకుల వాహనశ్రేణుల్లోనూ అవి కనిపిస్తే, మామూలు మనిషి అది తప్పని ఎలా అనుకుంటాడు? అధికారులు ముందుగా సరిచేయాల్సింది అక్కడే.

ఇంతవరకు చెప్పుకున్నది బండి లోపలివాళ్ల గురించి. బయటివాళ్ల లెక్క ఇంకా బరువైనది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వాళ్లలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు 74,897 మంది, నడిచివెళ్తున్నవాళ్లు 32,825 మంది. వంద చావుల్లో 64 ఈ రెండు వర్గాలవే. మన రోడ్ల మీద ఎస్‌యూవీ ముందుకు హఠాత్తుగా వచ్చేవాటిలో గేదెలే కాదు, టీవీఎస్ ఎక్సెల్ మీద పాలక్యాన్లు కట్టుకుని సందులోంచి వచ్చే రైతు ఉంటాడు, డివైడర్ మధ్య ఖాళీలోంచి బడిసంచితో దాటే పిల్ల ఉంటుంది.

ఇవాళ్టి బండ్లలో బానెట్ రేకుకీ కింద ఇంజనుకీ మధ్య ఖాళీ వదలడం, బంపర్ వెనక ఫోము పెట్టడం కొంతవరకు వీళ్ల కోసమే. తల తగిలితే రేకు లోపలికి వంగాలి, కాలు తగిలితే ఫోము నలగాలి. మన దేశంలోనూ పాదచారుల రక్షణకు విడిగా ప్రమాణం వచ్చింది. గార్డు బిగించగానే ఆ ఏర్పాటంతా వెనక్కిపోయి, రెండంగుళాల ఇనుప గొట్టం ముందుకొస్తుంది. దెబ్బంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది. ఎస్‌యూవీ ఎత్తుకు పెద్దవాళ్ల తొడ, తుంటి దగ్గర తగిలే గొట్టం ఆరేళ్ల పిల్లకు ఛాతీ దగ్గరో మెడ దగ్గరో తగులుతుంది. కాలనీ వీధిలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు తగిలినా గాయంలో తేడా ఉంటుంది. ఈ కారణంతోనే యూరప్ కార్ల కంపెనీలు 2002 నుంచి కొత్త బండ్లకు గట్టి ఇనుప గార్డులు పెట్టబోమని ఒప్పుకున్నాయి. 2005లో అక్కడ చట్టమే వచ్చింది. గార్డు అమ్మాలంటే పాదచారి తల, కాలు నమూనాలతో పరీక్షించి నెగ్గాలి.

మరి ఆస్ట్రేలియా మాటేమిటని మెల్‌బోర్న్‌లోనో బ్రిస్బేన్‌లోనో పిల్లలున్న తల్లిదండ్రులు అడగొచ్చు. అక్కడికెళ్లి చూసినవాళ్లకు పెద్ద పెద్ద బుల్ బార్లున్న బండ్లు ఎదురవుతాయి. ఆ దేశపు లోపలి ప్రాంతాల్లో వందల కిలోమీటర్లు వెళ్లినా ఊరు తగలదు. పొద్దువాలే వేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. రేడియేటర్ పగిలి ఎండలో చిక్కుకుంటే నీళ్లు లేక ప్రాణం మీదికొస్తుంది. అలాంటి చోట గార్డు అవసరం నిజమైనదే. ఆ అవసరంలోంచే అక్కడ పెద్ద పరిశ్రమ పుట్టింది. 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ లాంటి కంపెనీలు ఒక్కో మోడల్‌కు విడిగా గార్డు గీసి, ఆ బండి నలిగే తీరు మారకుండా, బెలూన్ల లెక్క చెడకుండా పరీక్షిస్తాయి. 2002లో ఆ దేశం గార్డులకు ఒక ప్రమాణం కూడా పెట్టుకుంది. మన రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో దొరికే గార్డు మీద "ఎయిర్‌బ్యాగ్ సేఫ్" అని స్టిక్కరుంటే షాపతన్ని మూడు ప్రశ్నలడిగితే చాలు. ఏ మోడల్ మీద పరీక్షించారు? ఎంత వేగంతో? రిపోర్టు ఏదీ?

గేదె సంగతి తేల్చకపోతే మామగారి ప్రశ్నకు జవాబిచ్చినట్టు కాదు. ఆయన భయం నిజమైనదే, రాత్రిపూట రాష్ట్ర రహదారుల మీద పశువులు పడుకునే ఉంటాయి. చిన్న వేగంలో కుక్కో మేకో తగిలినప్పుడు గార్డు హెడ్‌లైటునీ రేడియేటర్‌నీ కాపాడుతుంది, ఆ మేలు ఒప్పుకోవాలి. పార్కింగులో ఎవరో గీసినా బంపర్ మిగులుతుంది. ఎదిగిన గేదె మాత్రం నాలుగైదు వందల కిలోలుంటుంది. 80 కిలోమీటర్ల వేగంలో దాన్ని గుద్దితే గార్డు వెనక్కి వంగి, తను కాపాడాల్సిన రేడియేటర్‌నే నొక్కేయొచ్చు. బ్రాకెట్లు బిగించిన రెయిల్ కొనలూ వంకరపోవచ్చు. గీతలు పడ్డ బంపర్‌ను బంపర్ టు బంపర్ పాలసీలో మార్చేస్తారు. వంగిన రెయిల్‌ను సరిచేయడం చాలా పెద్ద ఖర్చు, పైగా బయటికి కనిపించదు.

అడవి జంతువుల విషయంలో మన దగ్గరే ఒక మంచి దారి అమల్లో ఉంది. నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే రోడ్లను రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన భక్తులు విసుక్కుంటారు గానీ, ఆ తొమ్మిది గంటలు జింకకూ పులికీ యాత్రికుడికీ కూడా రక్షణే. పశువులు తిరిగే మామూలు రోడ్డు మీదా ఇదే సూత్రం పనిచేస్తుంది: చీకట్లో బండి ఆగడానికి పట్టే దూరం హెడ్‌లైటు వెలుగు చేరే దూరాన్ని మించకూడదు.

కొత్త బండ్లలో ఇంకో చిక్కుంది. ఎదుటి వాహనాన్ని పసిగట్టి దానంతటదే బ్రేకు వేసే ఏడాస్ వ్యవస్థ ఇప్పుడు మధ్యతరగతి ఎస్‌యూవీల్లోనూ వస్తోంది. దాని రాడార్ సాధారణంగా గ్రిల్ వెనకో బంపర్ మధ్యలోనో ఉంటుంది. దాని ముందు స్టీలు గొట్టం నిలబెడితే చూపు చెదురుతుంది. లక్షలు ఎక్కువ పెట్టి పైరకం వేరియంట్ కొని, కొన్ని వేల గార్డుతో దాని కళ్లకే అడ్డుపెట్టడం ఎంత నష్టమో వేరే చెప్పాలా? బరువు సంగతీ ఉంది. బలమైన స్టీలు గార్డు ముందు ఇరుసు మీద పదుల కిలోలు మోపుతుంది. 2023 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చిన భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షల్లో ఆ డిసెంబరులో టాటా హారియర్, సఫారీలకు ఐదు నక్షత్రాలు వచ్చాయంటే, అవి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికి వచ్చినవి. గార్డు తగిలించిన బండికి ఏ నక్షత్రాలూ లేవు.

పెద్ద బండి ఉంటే చాలుననే ధైర్యం తెలుగువాళ్లకు ఎంత ఖరీదైనదో 2018 ఆగస్టు 29 ఉదయం తెలిసింది. నటుడు, రాజకీయ నాయకుడు నందమూరి హరికృష్ణ నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ఫార్చ్యూనర్ నడుపుతూ ప్రమాదంలో చనిపోయారు. ఆయన బండిలోంచి బయటికి విసిరేసినట్టు పడ్డారని, సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. నాలుగేళ్ల తర్వాత సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మెర్సిడెస్ ఎస్‌యూవీ వెనక సీట్లో, బెల్టు లేకుండా ప్రయాణిస్తూ ప్రాణాలు కోల్పోయారు. రెండూ బలమైన బండ్లే. మనుషుల్ని సీటుకు పట్టి ఉంచాల్సిన పట్టీ మాత్రం వాడుకలో లేదు.

అందుకే గార్డుకని తీసి పెట్టుకున్న డబ్బుకు ఇంతకన్నా మంచి ఖర్చులున్నాయి. పదేళ్ల లోపు పిల్లలుంటే మొదటిది చైల్డ్ సీటు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టుతోనో చైల్డ్ సీటుతోనో కూర్చోబెట్టకపోతే 1,000 రూపాయల జరిమానా అని చట్టమే చెబుతోంది. అమ్మ ఒళ్లో ముందు సీట్లో కూర్చున్న పసివాడికి బెలూనే ప్రాణాంతకం. తర్వాత టైర్లు. అరిగిన టైరుతో వానలో ఆగడానికి పట్టే దూరం బాగా పెరుగుతుంది, గేదెకు రెండు గజాల ముందు ఆగే బండికి గార్డు అవసరమే రాదు. మసకబారిన హెడ్‌లైటు అద్దాలను శుభ్రం చేయించడం, సీటు కవర్ల కింద మడతపెట్టి దాచేసిన వెనక సీటు బెల్టు బకిల్స్‌ను బయటికి తీయించడం దాదాపు ఖర్చులేని పనులు. చాలా ఇళ్ల బండ్లలో ఆ బకిల్స్ కొన్ననాటి నుంచీ ఎవరి చేతికీ దొరకలేదు.

ఇప్పటికే గార్డు వేయించినవాళ్లు తీయించడానికి సంకోచించనక్కర్లేదు. బిగించిన షాపులో కాకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తీయిస్తే మంచిది. బ్రాకెట్లు ఉన్నచోట రెయిల్ కొనలు వంగాయేమో, డ్రిల్లు పెట్టిన రంధ్రాల దగ్గర తుప్పు పట్టిందేమో, ముందు సెన్సర్ల వైర్లు గీసుకుపోయాయేమో చూడమని జాబ్‌కార్డు మీద రాయించుకోవాలి. వెల్డింగు పెట్టిన బండి అయితే కోసేముందు బ్యాటరీ తీగ విప్పించాలి. నంబరు ప్లేటును గార్డు మీదికి మార్చి ఉంటే అది విడిగా పని. హై సెక్యూరిటీ ప్లేటు తాళాలు ఒకసారి తీస్తే మళ్లీ పనికిరావు కాబట్టి, డీలరు దగ్గర కొత్త ప్లేటుకు దరఖాస్తు పెట్టి బంపర్ మీద దాని అసలు స్థానంలో బిగించుకోవాలి.